మీ ప్రశ్న – మా జవాబు: డెల్టా నుంచి 4కె లైవ్

సంక్రాంతి దగ్గర పడేసరికి ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీద వచ్చాయి. పెళ్ళయినా, తీర్థమయినా, స్వామివారి కల్యాణమయినా 4కెలో లైవ్ ఇవ్వాలి, మధ్యలో ఆగకూడదు. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: పెళ్ళి వీడియోలు తీస్తామండి. ఈమధ్య భీమవరం దగ్గర ఒక కల్యాణ మండపంలో, అమెరికాలో ఉన్న పెళ్ళికొడుకు అక్కాబావల కోసం యూట్యూబ్‌లో 4కె లైవ్ పెట్టాం. స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ 90 ఎంబీపీఎస్ వచ్చింది, మేం 35 మాత్రమే వాడాం. ముప్పావుగంట చక్కగా నడిచి, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. నెట్ వాళ్ళేమో తమ లైనులో తప్పు లేదంటున్నారు. తప్పు ఎక్కడుంది?
— వీడియోగ్రాఫర్, పాలకొల్లు

జవాబు: ఆ మాట మీరు లైవ్ పంపే సాఫ్ట్‌వేర్, ఓబీఎస్సే చెబుతుంది. అందులో స్టాట్స్ కిటికీ తెరిచి లైవ్ అయ్యేదాకా ఓ పక్కన ఉంచండి. పోయిన ఫ్రేముల లెక్క అక్కడ మూడు వరుసల్లో ఉంటుంది. రెండరింగ్ లాగ్ పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు మీద బరువు ఎక్కువైంది: టైటిళ్ళు, పూల బోర్డర్లు, రెండో కెమెరా కిటికీ అన్నీ దానిమీదే పడతాయి. ఎన్‌కోడింగ్ లాగ్ పెరుగుతుంటే బొమ్మను కుదించే పని సమయానికి తెమలడం లేదు. ఈ రెంటికీ ఇంటర్నెట్‌తో సంబంధమే లేదు. మూడోది, నెట్‌వర్క్ వల్ల జారిపోయిన ఫ్రేములు, పెరిగితేనే లైను సంగతి చూడాలి. చాలామంది ఈ మూడింటినీ ‘నెట్ స్లో’ అనే ఒక్క ఖాతాలో రాసేస్తున్నారు.

మీరు చెప్పిన లక్షణం, అంటే ముప్పావుగంట బాగుండి తర్వాత చెడడం, చూస్తే మా అనుమానం మొదట వేడి మీదికే పోతుంది. మండపంలో హాలోజన్ లైట్ల పక్కన, గుడ్డ పరిచిన బల్ల మీద ల్యాప్‌టాప్ పెడితే అడుగునున్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చిప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాంతో ఎన్‌కోడింగ్ లాగ్ ఎగబాకుతుంది. ల్యాప్‌టాప్ అడుగున రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తండి, ఫ్యాన్ తిప్పండి, చార్జర్ ఊడిందేమో చూడండి. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ వేగాన్ని సగానికి సగం కోసేయగలదు.

లెక్క మూడో వరుసలో పెరిగి ఉంటే అప్పుడు లైను. స్పీడ్ టెస్టు ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి, దగ్గరి సర్వరుకి పది పదిహేను సెకన్లు పంపి అంకె చెబుతుంది. మీ లైవ్ మాత్రం ఒక్క కనెక్షన్ మీద, మూడు గంటలు, విరామం లేకుండా పోవాలి. యూట్యూబ్‌కి పంపే ఆర్‌టీఎంపీ పద్ధతి టీసీపీ మీద నడుస్తుంది. ఒక ప్యాకెట్ (డేటా ముక్క) పోతే అది మళ్ళీ చేరేదాకా వెనకవన్నీ ఆగాలి. ఆ వరుస మితిమీరి పెరిగితే ఓబీఎస్ ఫ్రేములు పారేస్తుంది.

ఇంకో సంగతి, ఇళ్ళకొచ్చే ఫైబర్‌లో ఎక్కువ భాగం జీపాన్ రకం. ఆ రకంలో ఒక పోర్టుకి కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244 జీబీపీఎస్ మాత్రమే. దాన్ని స్ప్లిటర్ల ద్వారా 32 లేదా 64 కనెక్షన్లు పంచుకుంటాయి. పైకి పంపడం దాళ్వాలో కాలవ నీళ్ళకి పెట్టే వంతులాంటిదే: మీ వంతు వచ్చినప్పుడే మీ పెట్టె మాట్లాడాలి. రాత్రి తొమ్మిది గంటలకి వీధంతా వాడుతున్నప్పుడు ఆ వంతు మధ్యాహ్నం వచ్చినంత తీరుబడిగా రాదు.

అన్నిటికన్నా తరచుగా కనబడే దొంగ మాత్రం మండపం లోపలే ఉంటాడు. వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంటుంది. రెండొందల మంది చుట్టాలు ఫొటోలు తీస్తారు, ఫోన్లు వైఫై దొరకగానే వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడతాయి. అదంతా అప్‌లోడే! జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాల వేళకే ఫొటోలు ఎక్కువ, కాబట్టి లైవ్ కూడా సరిగ్గా అప్పుడే తడబడుతుంది. మండపం యజమానితో మాట్లాడి ఆ పూటకి అతిథుల వైఫై ఆపించండి. లేదా మీ పనికే విడిగా ఒక కనెక్షన్ తీసుకోండి.

మీ ల్యాప్‌టాప్ మాత్రం ఎప్పుడూ లాన్ కేబుల్ మీదే ఉండాలి. బజారులో చవగ్గా దొరికే కేబుళ్ళలో చాలావాటికి లోపల ఉండేది అల్యూమినియం తీగ, పైన రాగి పూత మాత్రమే. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ పని చేయాలి. ఒక్క జత తెగినా లింకు 100 ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది, ఒక్కోసారి పట్టు తప్పి ఊడి మళ్ళీ కలుస్తుంది. అసలు రాగి ఉన్న క్యాట్6 వాడండి. మూడు గంటల లైవ్‌కి అయ్యే ఖర్చులో ఇది లెక్కలోకి రాదు.

సెట్టింగులు: 4కె, సెకనుకి 30 ఫ్రేములకి, బొమ్మను కుదించే పాత పద్ధతి హెచ్.264లో యూట్యూబ్ చెప్పేది 30 ఎంబీపీఎస్, 60 ఫ్రేములకి 35. కొత్త పద్ధతులు హెచ్.265, ఏవీ1లలో అయితే 30 ఫ్రేములకి 8 నుంచి 35 దాకా పరిధి ఇచ్చారు. 2023లో వచ్చిన ఓబీఎస్ 29.1 నుంచి ఈ రెంటినీ నేరుగా యూట్యూబ్‌కి పంపొచ్చు. పెళ్ళికి మా సలహా 25 ఫ్రేములు, హెచ్.265, 18 నుంచి 20 ఎంబీపీఎస్. రేట్ కంట్రోల్ సీబీఆర్ (వేగం మారకుండా పంపడం), కీఫ్రేమ్ 2 సెకన్లు, ఆడియో ఏఏసీ 128 కేబీపీఎస్. 25 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్‌జ్. కెమెరా షట్టర్ 1/50లో పెడితే మండపం ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు మిణుకుమనవు. 30 ఫ్రేములు, 1/60 పెట్టి, చారలొచ్చాయని లైట్లవాణ్ణి తిట్టి లాభం లేదు.

అప్‌లోడ్ కనీసం బిట్‌రేటుకి, అంటే లైవ్‌కి మీరు పెట్టిన ఎంబీపీఎస్ అంకెకి, రెట్టింపు నిలకడగా ఉండాలి. అది తెలుసుకోవడానికి ముందురోజు, ముహూర్తం ఏ వేళకుందో అదే వేళకి, అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా) ఒక గంట లైవ్ నడపండి. పక్కనే పింగ్ (సర్వరుకి వెళ్ళి రావడానికి పట్టే సమయం చూపే పరీక్ష) నడుస్తుండాలి. లైవ్ మొదలుపెట్టాక పింగ్ 20 మిల్లీసెకన్ల నుంచి 300కి పాకితే రౌటర్‌లో వరుస పేరుకుంటోందని అర్థం. బిట్‌రేటు తగ్గించండి. కొత్త చానల్ అయితే లైవ్ అనుమతి రావడానికి 24 గంటలు పట్టవచ్చు, పెళ్ళిరోజు పొద్దున్న మొదలుపెట్టకండి. కెమెరా కార్డులో రికార్డింగు ఎలాగూ ఆపరు కదా.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. అక్కడి బావగారు ఫోన్లో చూస్తారు. ఫోన్ తెరమీద ఆగకుండా నడిచే 1080పీకీ 4కెకీ తేడా ఆయన పట్టలేరు, ఆగిన తాళికట్టు మాత్రం జీవితాంతం గుర్తుంచుకుంటారు. లైను నిలకడ మీద అనుమానముంటే లైవ్ 1080పీలో ఇచ్చి, 4కె రికార్డింగు తర్వాత ఎక్కించండి.

ప్రశ్న: కెమెరా బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు, ‘4కె’ అని రాసి ఉన్నది, ఆన్‌లైన్లో కొన్నాను. ఓబీఎస్‌లో 1080పీ మించి రావడం లేదు. పైగా కెమెరా నుంచి 15 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు వేస్తే తెర నల్లగా అయిపోతోంది.
— తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: డబ్బా మీద రాసిన 4కె లోపలికి తీసుకునే బొమ్మకి. కంప్యూటర్‌కి ఇచ్చేది చిన్న అక్షరాల్లో ఉంటుంది, సాధారణంగా 1080పీ 30. లెక్క చూడండి. 4కె అంటే ఫ్రేముకి 3840 × 2160, దాదాపు 83 లక్షల చుక్కలు. చుక్కకి 12 బిట్ల చొప్పున, సెకనుకి 30 ఫ్రేములకి 2.99 జీబీపీఎస్ అవుతుంది. యూఎస్‌బీ 2.0 మోసేది 0.48 మాత్రమే. యూఎస్‌బీ 3.0 పేరుకి 5 జీబీపీఎస్ అయినా కోడింగు పోగా మిగిలేది 4 లోపే. అందుకని అసలైన 4కె కార్డు ఉన్నవాళ్ళు కూడా ఓబీఎస్‌లో వీడియో ఫార్మాట్ ఎన్‌వీ12 (చుక్కకి ఆ 12 బిట్లదే) ఎంచుకోవాలి. వైయూవై2 పెడితే చుక్కకి 16 బిట్లు, మొత్తం 3.98 అవుతుంది, పట్టదు. 60 ఫ్రేములు కావాలంటే 10 జీబీపీఎస్ యూఎస్‌బీ పోర్టు గాని, కంప్యూటర్ లోపల బిగించే కార్డు గాని తప్పదు. ముందుగా చూడాల్సింది ఇంకోటుంది: కార్డు నీలం పోర్టులోనే గుచ్చారా? మధ్యలో పాత హబ్ గాని, పొడిగింపు వైరు గాని ఉందా?

వైరు సంగతి. 4కె 60కి హెచ్‌డీఎంఐ మీద 18 జీబీపీఎస్ పోవాలి. మామూలు రాగి వైరులో 5 మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. లోపల ఫైబర్ ఉండే హెచ్‌డీఎంఐ వైరు కొనండి. దానికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ అని ఉన్న కొస కెమెరావైపు, ‘డిస్‌ప్లే’ కొస కార్డువైపు. తిప్పి పెడితే బొమ్మ రాదు, వైరు పోయిందనుకుని కొట్టువాడితో గొడవకి దిగుతారు. నలుగురు తొక్కేచోట దీన్ని పరవకండి, మడత పడితే ఇక బాగు కాదు. కెమెరాకి ఎస్‌డీఐ (టీవీవాళ్ళు వాడే వీడియో వైరు పద్ధతి) ఉంటే అది ఇంకా మేలు. బీఎన్‌సీ కొస మెలితిప్పితే బిగుసుకుంటుంది, ఎవరి కాలు తగిలినా ఊడదు. 4కె 60కి 12జీ ఎస్‌డీఐ, అంటే 11.88 జీబీపీఎస్, మంచి 75 ఓమ్ కేబుల్ కావాలి.

ప్రశ్న: మ్యాచ్ చూస్తుంటే వికెట్ పడకముందే పక్కింటివాళ్ళు అరుస్తున్నారు. మాది వాళ్ళకన్నా వేగమైన నెట్. ఎందుకిలా?
— మండపేట

జవాబు: వాళ్ళది డిష్ అయి ఉంటుంది. యాప్‌లో బొమ్మ కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ముక్క 6 సెకన్లది అయితే, ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో ఉంచుకుని మొదలుపెడుతుంది. అక్కడికే 18 సెకన్లు. మీ నెట్ ఎంత వేగమైనా ఈ ఆలస్యం తగ్గదు. కిటికీ మూయండి.

ప్రశ్న: కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం 4కెలో లైవ్ ఇవ్వాలని మా కుర్రాళ్ళ ఆలోచన. 5జీ సిగ్నల్ ఫుల్లుగా ఉంటుంది. సిమ్ రౌటర్‌తో అయిపోతుందా?
— అంబాజీపేట

జవాబు: ఇవాళ వెళ్ళి పరీక్షిస్తే అయిపోతుంది. కనుమనాడు కాదు. గీతలు ఫుల్లుగా ఉండడం టవర్ వినబడుతోందని చెబుతుంది, ఖాళీ ఉందని కాదు. పైగా 3.5 గిగాహెర్ట్‌జ్ 5జీలో కాలంలో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కి కేటాయిస్తారు, పైకి పంపడానికి దక్కేది అయిదో వంతు చుట్టూ. ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ ఒకచోట చేరి, కౌశిక పాయ దాటి వచ్చే ప్రభ కోసం వేలమంది ఫోన్లు పైకెత్తి ఎక్కడికక్కడ లైవ్ పెడుతుంటే, ఆ వంతులో మీకు 20 ఎంబీపీఎస్ నిలకడగా దొరకడం కల్ల. రెండు మూడు కంపెనీల సిమ్‌లు కలిపి పంపే బాండింగ్ పెట్టెలు ఉన్నాయి. కొంత మేలు, కానీ అన్ని టవర్ల మీదా ఉన్నది అదే జనం.

సరైన దారి ఫైబర్. తోటకి దగ్గర్లో కనెక్షన్ ఉన్న ఇంటి నుంచి గాని, ఆపరేటర్ పెట్టె నుంచి గాని డ్రాప్ కేబుల్ లాగించండి. దూరం గురించి బెంగ వద్దు: 1310 నానోమీటర్ల వెలుగుకి కిలోమీటరుకి జరిగే నష్టం 0.35 డీబీ (వెలుగు నష్టాన్ని కొలిచే లెక్క), 300 మీటర్లకి 0.1. చెడేదంతా కొసల దగ్గర, మడతల దగ్గర. కొబ్బరిచెట్టుకి చుట్టి ముడేస్తే వెలుగు ఆ ముడిలోనే కారిపోతుంది, మలుపు ఎక్కడా మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగుతుగా ఉండకూడదు. ఆకుపచ్చ కొసని ఆకుపచ్చ సాకెట్‌లోనే పెట్టాలి. నీలం దానికి జతచేస్తే వెలిగినట్టే ఉండి లోపల చాలా నష్టపోతుంది. బిగించేముందు కొసని ఫైబర్ క్లీనర్‌తో తుడవాలి, చొక్కా అంచుతో కాదు. బిగించాక టెక్నీషియన్ చేత పవర్ మీటర్ పెట్టించి చూడండి. పెట్టెకి చేరే వెలుగు మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య ఉండాలి; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. మైనస్ 26 వస్తే ‘పరవాలేదండి, పని చేస్తుంది’ అంటారు. ఒప్పుకోకండి, మంచు కురిసిన పొద్దున్నే లైను పోయిందని చెప్పే ఎర్రదీపం వెలుగుతుంది. మైనస్ 22 గాని అంతకన్నా మెరుగు గాని వచ్చేదాకా కొసలు మళ్ళీ చేయించండి.

ప్రభలు వచ్చే దారికి అడ్డంగా మాత్రం కేబుల్ కట్టకండి. వాటి ఎత్తు మీకు మేం చెప్పనక్కర్లేదు. కేబుల్ చేను గట్టు పక్కనుంచి తిప్పి తేవాలి.

కేబుల్ వీలుకాకపోతే 5.8 గిగాహెర్ట్‌జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత. ఇక్కడ కోనసీమకి ప్రత్యేకమైన అడ్డంకి కొబ్బరాకులు. రెండు డిష్‌లూ ఒకదానికొకటి కనబడితే చాలదు. కిలోమీటరు దూరానికి మధ్యలో, ఆ గీత చుట్టూ దాదాపు 3.6 మీటర్ల వ్యాసార్థం ఖాళీగా ఉండాలి. పొద్దున్న గాలిలేనప్పుడు 200 ఎంబీపీఎస్ ఇచ్చిన లింకు, మధ్యాహ్నం సముద్రపు గాలికి మట్టలు ఊగగానే 15కి పడిపోతుంది. పరీక్ష గాలి వేళలోనే చేయండి.

లైను కొంచెం గతుకులున్నదైతే ఆర్‌టీఎంపీకి బదులు ఎస్‌ఆర్‌టీ వాడండి. ఇది 2017లో ఓపెన్ సోర్స్ అయింది, టీసీపీలా వెనకవాటిని ఆపని యూడీపీ మీద నడుస్తుంది, పోయిన ప్యాకెట్‌ను మాత్రమే, గడువు ఉన్నంతవరకే మళ్ళీ పంపుతుంది. గడువు పింగ్‌కి కనీసం నాలుగు రెట్లు పెట్టాలి. మొబైల్ లైను మీద ఏకంగా 1500, 2000 మిల్లీసెకన్లు పెట్టండి, తీర్థానికి రెండు సెకన్ల ఆలస్యం ఎవరికీ పట్టదు. మళ్ళీ పంపడాలకి 25 శాతం అదనపు జాగా ఉంచాలి, అంటే 16 ఎంబీపీఎస్ లైవ్‌కి 20. క్లౌడ్‌లో ఒక చిన్న సర్వరు ఎస్‌ఆర్‌టీలో అందుకుని యూట్యూబ్‌కి ఆర్‌టీఎంపీలో ఇస్తుంది. లైవ్ పంపే మీ పెట్టె కాలర్‌గా (పిలిచేదిగా), సర్వరు లిజనర్‌గా (పిలుపు కోసం చూసేదిగా) ఉండాలి. సిమ్‌లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి తిరగేస్తే కలవదు.

డ్రోన్ కూడా ఉందని రాశారు. అనుమతుల మాట అటుంచితే, చాలా డ్రోన్లు రిమోట్‌కి పంపే ప్రత్యక్ష బొమ్మ 1080పీయే. 4కె దాని కార్డులోనే ఉంటుంది.

ప్రశ్న: మా కాలేజీలో రెండు ల్యాబుల మధ్య 10 గిగాబిట్ లింకు ఉంది. అల్ట్రాగ్రిడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో 4కె కుదించకుండా పంపుతున్నాం. స్విచ్ మీద లోడ్ 80 శాతమే, అయినా బొమ్మలో అడ్డచారలు. ఎందుకు?
— ఇంజనీరింగ్ విద్యార్థులు, కాకినాడ

జవాబు: 80 శాతం అన్నది సెకను మొత్తానికి సగటు. ప్యాకెట్లు పోయేది మైక్రోసెకన్లలో. మీరు 8 బిట్ 4:2:2 (రంగు వివరాలు సగమే పంపే పద్ధతి), 60 ఫ్రేములు పంపుతున్నట్టున్నారు, 7.96 జీబీపీఎస్. ఒక ఫ్రేము 16.6 ఎంబీ. మామూలు 1500 బైట్ల ప్యాకెట్లయితే ఫ్రేముకి పదకొండు వేల పైచిలుకు, సెకనుకి ఏడు లక్షల దాకా. లినక్స్‌లో సాకెట్ రిసీవ్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లు ప్రోగ్రాం తీసుకునేదాకా ఆగే చోటు) గరిష్ఠ పరిమితి చాలా చోట్ల 2,12,992 బైట్లు. 10 జీబీపీఎస్ వేగంలో అది 170 మైక్రోసెకన్లలో నిండుతుంది. ఆలోపు ప్రోగ్రాం తీసుకోకపోతే మిగిలింది నేలపాలు, బొమ్మలో అదే చార.

పరిమితిని 32 ఎంబీ లేదా పైకి పెంచండి. రెండు కార్డుల్లోనూ, మధ్యలో ఉన్న ప్రతి స్విచ్ పోర్టులోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 చేయండి. ఒక్కటి మరిచినా పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. ఇంటరప్టులన్నీ (ప్యాకెట్లు వచ్చాయని కార్డు ప్రాసెసర్‌కి కొట్టే పిలుపులు) ఒకే కోర్ మీద పడుతున్నాయేమో చూడండి. పంపేవైపు ఫ్రేమంతా ఒక్క దెబ్బలో కుమ్మరించకుండా 16.7 మిల్లీసెకన్ల పొడవునా పరచి పంపాలి. ఇంతచేసినా 10 బిట్‌కి మారాలనుకోకండి: 4:2:2 60 ఫ్రేములకి 9.95 జీబీపీఎస్ అవుతుంది, 9000 ఎంటీయూతో కూడా హెడర్లు పోగా 10 గిగాబిట్‌లో మిగిలేది 9.9. గోరంతలో తప్పిపోతుంది. అక్కడ జేపెగ్ ఎక్స్‌ఎస్ లాంటి తేలిక కుదింపు కావాలి. దాని ఆలస్యం బొమ్మలోని కొన్ని అడ్డగీతల పాటిదే. కేబుల్ క్యాట్6 అయితే 10 గిగాబిట్‌కి 55 మీటర్లే హద్దు, దాటితే క్యాట్6ఏ గాని ఫైబర్ గాని వేయాలి. 2005లోనే టోక్యో నుంచి శాన్‌డియాగోకి 4కె ప్రత్యక్షంగా పంపి చూపించారు, అదీ కుదించే పంపారు. కుదించడం నామోషీ కాదు.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ కనెక్షన్, 4కె టీవీ. అయినా బొమ్మ 4కెలో రాదు.
— రావులపాలెం

జవాబు: ఓటీటీకి 4కె బొమ్మకి 15 నుంచి 25 ఎంబీపీఎస్ చాలు, కాబట్టి ప్లాన్ పెంచొద్దు. యూట్యూబ్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కోడెక్ దగ్గర వీపీ9 గాని ఏవీ1 గాని లేకపోతే మీ పాత టీవీకి ఆ రెండూ రావు, 1080పీ దగ్గరే ఆగుతుంది. ఓ కొత్త స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోండి, దాన్ని హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చాలి. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే 4కె ఉన్న ప్లానేనా అన్నది చూసుకోండి. రౌటర్ ముందు గదిలో, టీవీ రెండు గోడల అవతల ఉంటే లాన్ వైరు లాగండి. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్సే, దానికి అది ధారాళం.

ప్రశ్న: అంతర్వేది కల్యాణం లైవ్ ఇవ్వాలనుకుంటున్నాం. కరెంటు పోతే? జనరేటర్ ఉంది.
— సఖినేటిపల్లి

జవాబు: జనరేటర్ అందుకునే ఆ పది ఇరవై సెకన్లే ప్రమాదం. పెట్టె ఆరిపోతే మళ్ళీ లేచి లైను పట్టడానికి రెండు మూడు నిమిషాలు. ఫైబర్ పెట్టెకి, రౌటర్‌కి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు అడాప్టర్ మీద ఆంపియర్లు చూడండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అంటే గరిష్ఠంగా 12 వాట్లు. 16 వాట్-అవర్ల బ్యాటరీ ఒక గంటకి తగ్గకుండా మోస్తుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది గాని, కరెంటు పోగానే వేగం తగ్గించుకుంటుందని పైన చెప్పాం, అందుకని దాన్నీ కెమెరానీ పెద్ద యూపీఎస్ మీదే ఉంచండి. సముద్రపుగాలికి ఆరుబయట బీఎన్‌సీ, లాన్ కొసలు చిలుము పడతాయి. ఏడాది పాతవి పనికిరావు.

ముందుగానే ఆపరేటర్‌ని ఒకటి అడిగి తెలుసుకోండి: ఆఫీసు నుంచి మీదాకా దారిలో కరెంటు కావలసిన పెట్టె ఏదైనా ఉందా? స్ప్లిటర్ ఒక్కటే అయితే దానికి కరెంటు అక్కర్లేదు. స్తంభం మీద మీడియా కన్వర్టర్ (ఫైబర్ వెలుగుని లాన్ వైరుకి మార్చే పెట్టె) గాని స్విచ్ గాని పెట్టి అక్కడినుంచి లాన్ వైరు దింపి ఉంటే, ఆ వీధిలో కరెంటు పోయిన క్షణమే మీ లైవ్ ఆగుతుంది, మీ దగ్గర ఎన్ని యూపీఎస్‌లున్నా సరే. అలా ఉంటే ఆ స్తంభం పెట్టెకి కూడా బ్యాటరీ పెట్టించండి, లేదా మీవరకూ ఫైబరే లాగించండి.